ఎవరూ లేని ఇల్లు

బ్రెజిల్‌లోని సాల్వడోర్ నగరంలో తక్కువ ఖర్చుతో ఉండాలంటే పెలోరిన్యోను మించిన చోటు లేదు. సముద్రం ఒడ్డున బార్రా వైపు పెద్ద హోటళ్లున్నాయి. కిటికీ తీస్తే అట్లాంటిక్ కనిపిస్తుంది, అద్దె కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. పెలోరిన్యో కొండ మీది పాత ఊరు. 1549 నుంచి 1763 దాకా బ్రెజిల్‌కు రాజధానిగా ఉన్న పట్నానికి నడిబొడ్డు. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన బానిసలను కట్టేసి కొరడాలతో కొట్టిన స్తంభం ఒకప్పుడు అక్కడ ఉండేది. నల్లజాతివాళ్లు తమ కోసం తాము కట్టుకున్న రోజరీ మాత చర్చి ఆ ఏటవాలు వీధిలో నీలం రంగుతో ఇప్పటికీ నిలబడి ఉంది. 1985లో యునెస్కో ఆ పాత ఊరిని ప్రపంచ వారసత్వ సంపదల్లో చేర్చింది. 1990లలో బహియా రాష్ట్ర ప్రభుత్వం అక్కడ వందల భవనాలను బాగుచేయించి పసుపు, గులాబి, లేత ఆకుపచ్చ, ఇలా ఒక్కోదానికి ఒక్కో రంగు వేయించింది. ఇవాళ వాటిలో చాలావరకు దుకాణాలు, భోజనశాలలు, నాబోటి వాళ్లు దిగే చిన్న హోటళ్లు.

నేను వెళ్లింది గాంధీ కోసం. సాల్వడోర్ ఓడరేవు కూలీలు కొందరు 1949లో, గాంధీజీ హత్య జరిగి ఏడాది తిరిగిన రోజుల్లో, కార్నివాల్‌లో ఊరేగడానికి ఒక బృందం కట్టి 'గాంధీ బిడ్డలు' అని పేరు పెట్టుకున్నారు. ఇప్పటికీ ఏటా వేలమంది మగవాళ్లు తెల్లని బట్టలు కట్టి, తలకు తువ్వాలు పాగా చుట్టి, మెడలో నీలం తెలుపు పూసల దండలు వేసుకుని, ఆఫ్రికన్ దేవతల పాటలు పాడుతూ ఆ పేరుతో వీధుల్లోకి వస్తారు. కార్నివాల్ రోజుల్లో గది దొరకడమే గగనం. అందుకని జూన్‌లో వెళ్లాను. అక్కడ అది వానలకాలం. సెయింట్ జాన్ పండుగ దగ్గరపడటంతో వీధులకు అడ్డంగా రంగు కాగితాల తోరణాలు కట్టి ఉన్నాయి. వానకు తడిసి, ఎండకు ఆరి, మళ్లీ తడుస్తున్నాయి.

నాకు దొరికిన హోటలు మూడంతస్తుల పాత ఇల్లు. వీధివైపు గోడకు పసుపు రంగు, కిటికీ తలుపులకు నీలం. నా గది పైఅంతస్తులో, వీధి వైపు. పల్చటి పరుపు, సీలింగ్ ఫ్యాను, షవర్ తలలోనే కరెంటుతో నీళ్లు వేడెక్కించే ఏర్పాటు. ఆ దేశంలో ఆ షవర్ చాలా ఇళ్లలో ఉంటుంది, మొదటిసారి చూసినవాడికి మాత్రం కుళాయి తిప్పాలంటే చెయ్యి వెనక్కి వస్తుంది. వైఫై మెట్ల దగ్గరే అందేది. అయినా ఆ గది నాకు ఎంతో నచ్చింది. పైకప్పు ఎత్తు, నేల మీద వెడల్పాటి చెక్క పలకలు, రాత్రిళ్లు ఎక్కడో డప్పుల సాధన.

యజమాని బ్రెజిల్ దక్షిణాది నుంచి వచ్చి స్థిరపడినవాడు. మర్యాదస్తుడు. పొద్దున ఫలహారాల గదిలో ప్రతి బల్ల దగ్గరా ఆగి పలకరించేవాడు. కొత్తగా దిగినవాళ్లను గోడ దగ్గరకు తీసుకెళ్లి ఒక ఫోటో చూపించేవాడు. పొడవాటి చట్రంలో పక్కపక్కన రెండు బొమ్మలు. కుడివైపుది ఇప్పటి పసుపు ఇల్లు. ఎడమవైపుది నలుపు తెలుపు: సున్నం రాలిపోయిన గోడ, పైకప్పు పెంకుల మధ్య మొలిచిన మొక్కలు. దాని కింద ఇత్తడి రేకు మీద 'పునరుద్ధరణకు ముందు, 1991. ఎవరూ నివసించని శిథిల భవనం' అని రెండు భాషల్లో చెక్కించాడు. "ఎలుకలు తప్ప ఎవరూ లేరు. మేం వచ్చి ప్రాణం పోశాం" అని చెప్పేవాడు. ఆ మాట అనేటప్పుడు అతని ముఖంలో నిజమైన సంతోషం కనిపించేది. కూలిపోవాల్సిన ఇల్లు నిలబడింది కదా అని నాకూ సంతోషమే. గోదావరి జిల్లాల్లో అలాంటి మండువా ఇళ్లు ఎన్ని నేలమట్టం కావడం చూశాను!

ఫలహారాలు చేసేదీ, గదులు ఊడ్చేదీ ఒకావిడే. నలభై దాటి ఉంటుంది. నల్లగా, పొడుగ్గా, నడుముకు పూల ఏప్రాను. పొద్దున ఆరింటికల్లా బల్ల మీద బొప్పాయి ముక్కలు, ఉడికించిన కర్రపెండలం, నెయ్యిలాంటి వెన్న, కొబ్బరి వేసిన తపియోకా అట్లు సిద్ధంగా ఉండేవి. దానికోసం ఆవిడ తెల్లవారక ముందే శివారులో బయల్దేరేది. ఆ వైపు నడిచే పాత రైలు 2021లో ఆగిపోయింది, అప్పటినుంచి రెండు బస్సులు మారాలి. మొజాంబిక్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేర్చుకున్న పోర్చుగీసు నాకు కాస్త మిగిలి ఉండటంతో ఆవిడతో మాట కలిసింది.

ఆ ఇల్లు ఆవిడకు తెలిసినంతగా యజమానికి తెలియదని నాకు త్వరగానే అర్థమైంది. దిగిన రోజున నా గది కిటికీ ఎంత లాగినా రాలేదు. రిసెప్షన్ కుర్రాడు వచ్చాడు, సుత్తి తెచ్చాడు, అయినా రాలేదు. ఆవిడ వచ్చి ఎడమ అరచెయ్యి తలుపు కింది మూలన ఆనించి, కొంచెం పైకెత్తి, భుజంతో నెట్టింది. మెత్తగా తెరుచుకుంది. "మూడు దాటాక సముద్రం గాలి మళ్లుతుంది సెన్యోర్. అప్పుడు ఇది మూసి పక్కది తెరుచుకోండి" అంది. నిజంగానే మూడు దాటాక గాలి మళ్లింది.

ఇంకో రాత్రి జోరువానకు కరెంటు పోయింది. మెట్ల మీద చెయ్యి చాచితే చెయ్యి కనిపించని చీకటి. నేను సెల్‌ఫోన్ దీపం వెలిగించుకుని గోడ పట్టుకుని దిగుతుంటే, ఆవిడ ఎదురుగా దుప్పట్ల దొంతర గుండెలకు ఆనించుకుని, దీపం లేకుండా, చకచకా ఎక్కి వస్తోంది. రెండో మలుపు దగ్గర ఒక మెట్టు వదులుగా ఉండి కిర్రుమంటుంది, నాకు రోజూ అక్కడ కాలు తడబడేది. ఆవిడ కిందికి చూడకుండానే ఆ ఒక్క మెట్టు దాటేసి పైమెట్టు మీద అడుగు వేసింది. పనిలో పెట్టే శ్రద్ధ అంటే ఇది అనుకుని మురిసిపోయాను. కుర్రాడితో అంటే, "ఆవిడ మాట అడక్కండి. వాళ్లింటి పక్కనే పెద్ద సూపర్‌మార్కెట్లో పని ఇస్తామన్నారు, జీతం కూడా ఎక్కువ. వెళ్లనంది. రోజూ ఆ బస్సుల్లో ఊగుతూ ఇక్కడికే వస్తానంది" అన్నాడు.

ఒక మంగళవారం సాయంత్రం ఆవిడ అకరజె చేసింది. సాల్వడోర్ వీధి మూలల్లో తెల్లని లేసు గౌనులు, తలగుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు అమ్మే తిండి అది. బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లిపాయతో రుబ్బి, ఎర్రటి పామాయిల్‌లో వేయిస్తారు. మధ్యకు చీల్చి ఎండురొయ్యలు కూరుతారు. రొయ్యలు పక్కనబెడితే అచ్చంగా మా అమ్మ చేసే బొబ్బర్ల గారె. పిండిని ఆవిడ చెక్క గరిటెతో కింది నుంచి పైకి కొడుతూ చాలాసేపు గిలకొట్టింది. గాలి పట్టి పిండి తెల్లబడేదాకా ఆపలేదు. అమ్మేవాళ్ల ఆ వృత్తిని 2005లో ఆ దేశం జాతీయ వారసత్వంగా నమోదు చేసుకుంది. పట్నాలకు అన్నం పెట్టిన ఆడవాళ్లను ఒక దేశం అలా గౌరవించడం నాకు గొప్పగా తోచింది.

"ఎవరు నేర్పారు?" అని అడిగాను.

"మా అమ్మ. ఈ వీధి మొదట్లోనే అమ్మేది."

"ఇప్పుడెక్కడున్నారు?"

గరిటె ఆపకుండానే ఆవిడ గడ్డం ఎత్తి నా తల మీదుగా గోడ పైకి చూపించింది. పోయిందని అర్థమై ఇంకేమీ అడగలేదు.

గాంధీ బిడ్డల కార్యాలయం ఆ పేటలోనే. ఊరు వదిలే ముందురోజు వెళ్లి చాలాసేపు కూర్చున్నాను. ఓ ముసలాయన తన పూసల దండను నా మెడలో వేసి, గాంధీ బొమ్మ ముందు నిలబెట్టి ఫోటో తీశాడు. ఎన్నడూ ఈ ఖండంలో అడుగుపెట్టని మనిషి బొమ్మను రేవు కూలీలు, వాళ్ల కొడుకులు, మనవలు ఇన్నేళ్లుగా కాపాడుకుంటున్నారు. ఆ ముసలాయన గాంధీ పేరు చెప్పేటప్పుడు స్వరం తగ్గించాడు. ఇంట్లో పెద్దవాళ్ల గురించి అలా మాట్లాడతాం. గుండె నిండిపోయి హోటలుకు తిరిగొచ్చాను.

ఫలహారాల గదిలో ఎవరూ లేరు, ఆవిడ తప్ప. వానలకు చట్రాల వెనక బూజు పడుతోందట, గోడ మీది ఫోటోలన్నీ దించి తుడుస్తోంది. మిగతావాటికి బల్లలు తుడిచే గుడ్డే వాడింది. ఆ పొడవాటి చట్రం దగ్గరకు వచ్చేసరికి ఏప్రాను జేబులోంచి ఉతికి మడత పెట్టిన వేరే గుడ్డ తీసింది. అట్ట వెనకవైపు తుడవడానికి, కాస్త పట్టుకోమని నా చేతికిచ్చింది.

రోజూ దూరం నుంచి, అద్దం మీద పడే వెలుతురులో చూసిన ఫోటో అది. ఇప్పుడు కిటికీ పక్కన, నా చేతుల్లో ఉంది. సున్నం రాలిన గోడ. పెంకుల్లో మొక్కలు. కానీ రెండో అంతస్తు వసారాకు అడ్డంగా తాడు కట్టి ఉంది, తాడు మీద చిన్నపిల్లల చొక్కాలు ఆరేసి ఉన్నాయి. కిటికీ గట్టు మీద నూనె డబ్బాలో తులసిలాంటి మొక్క. పైఅంతస్తు కిటికీ తెరిచి ఉంది. ఏడెనిమిదేళ్ల పిల్ల బయటికి వంగి ఫోటో తీసేవాడిని చూస్తోంది. దాని ఎడమ అరచెయ్యి కిటికీ తలుపు కింది మూలన ఆనించి ఉంది.

"ఇదేమిటి, మనుషులున్నారు కదా!" అన్నాను.

ఆవిడ వేలు అద్దానికి తగలకుండా చూపించింది. "ఈ పిల్ల నేనే."

నాకు నోట మాట రాలేదు. ఆవిడ చట్రం వెనక బూజు తుడుస్తూనే చెప్పింది. "మీ గదిలో ఏడుగురం ఉండేవాళ్లం. కింద ఇంకా నాలుగు కుటుంబాలు. ప్రభుత్వం వాళ్లు వచ్చి అందరి పేర్లూ రాసుకున్నారు. చేతిలో కొంత డబ్బు పెట్టి ఖాళీ చేయమన్నారు. ఆ డబ్బు శివారులో గోడలకు సరిపోయింది, పైకప్పుకు సరిపోలేదు." ఆ పేట నుంచి ఆ ఏళ్లలో అలా వెళ్లిపోయినవాళ్లు వేలమంది.

ఇత్తడి రేకు మీది అక్షరాలు మళ్లీ చదివాను. ఎవరూ నివసించని. ఒళ్లు మండిపోయింది. పెట్టిన మొక్క కనిపిస్తోంది, ఆరేసిన బట్టలు కనిపిస్తున్నాయి, పిల్ల ముఖం కనిపిస్తోంది. ఇన్నేళ్లుగా రోజూ ఫలహారం తింటూ ఇంతమంది చూసిన గోడ అది. యజమాని పక్క గదిలోనే ఉన్నాడు, లెక్కలు చూసుకుంటున్నట్టు కాలిక్యులేటర్ చప్పుడు వినిపిస్తోంది.

"ఇప్పుడే వెళ్లి చెబుతాను. ఈ రేకు పీకించేస్తాను" అంటూ లేచాను.

ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. బట్టలు పిండీ పిండీ గట్టిపడిన చెయ్యి.

"వద్దు సెన్యోర్. ఆయన మంచివాడు. తెలిస్తే సిగ్గుపడతాడు. సిగ్గుపడి ఫోటోయే తీసేస్తాడు."

"తీసేస్తే మంచిదే కదా? మీకే ఇమ్మంటాను. ఇంటికి తీసుకెళ్లి పెట్టుకోండి."

ఆవిడ ఏప్రాను జేబులోంచి ఫోను తీసి నాకు చూపించింది. తెర మీద అదే ఫోటో, ఆ కిటికీ మేరకే పెద్దది చేసి పెట్టుకుంది. అప్పుడు చూశాను, పిల్ల వెనక నీడలో ఇంకొకరున్నారు. తెల్లని తలగుడ్డ, సగం ముఖం, పిల్ల జారిపడకుండా నడుము చుట్టూ వేసిన చెయ్యి.

"ఫోటో నా దగ్గరుంది" అంది. "మా అమ్మను ఈ ఇంట్లోంచి ఇంకోసారి ఖాళీ చేయించకండి."