మచ్చు చూడని బేరం

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చిన రైతును మెక్సికన్ రెస్టారెంటుకు భోజనానికి తీసుకెళ్లకూడదు. ఈ ముక్క ఎవరైనా ముందే చెవిన వేసి ఉంటే నాకు 1,953 రూపాయలు మిగిలేవి.

ఆలోచన మా అబ్బాయిది. డల్లాస్ నుంచి రెండు వారాల సెలవు మీద వచ్చాడు. ఎమ్మెస్ చదివినన్నాళ్లూ వాడు మెక్సికన్ తిండి అమ్మే చిపోట్లే వాళ్ల గిన్నె మీదే బతికాడు. అడుగున అన్నం, దాని మీద నల్ల చిక్కుళ్లు, ఆ పైన పోపు మర్చిపోయిన టమాటా పచ్చడి. మాంసం ముట్టని మన పిల్లలకు అక్కడ అదే అన్నసత్రం. ఇంటికొస్తే వాడి మనసు గోంగూర మీదికి పోతుందనుకున్నాం. లక్ష్మీపురంలో కొత్తగా తెరిచిన మెక్సికన్ హోటలు మీదికి పోయింది.

సరిగ్గా ఆ రోజే మా బాబాయ్ పెదనందిపాడు నుంచి 30 టిక్కీల (బస్తాల) తేజా మిరపకాయలు యార్డులో దించాడు. బేరం కుదరక సాయంత్రానికి కోల్డ్ స్టోరేజీలో పెట్టించి, మచ్చు కాయల సంచి చేత్తో పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఆయన కంటే ముందు ఆ ఘాటు వచ్చింది. మా ఆవిడ రెండుసార్లు తుమ్మి, "రండి మామయ్యా" అంది.

"మెక్సికో అంటే యాడరా?" అన్నాడు బాబాయ్ కారెక్కుతూ.

"అమెరికాకు కింద తాతయ్యా. మిరపకాయ పుట్టిందే అక్కడ."

బాబాయ్ కాసేపు మాట్లాడలేదు. "మిరపకాయ పుట్టింది లాం ఫారంలో" అన్నాడు చివరికి. ఆ తర్వాత హోటలు వచ్చేదాకా మనవడి వంక చూడలేదు.

పిల్లాడు చెప్పింది నిజమే. లాం ఫారం అనే మన మిర్చి పరిశోధన కేంద్రం వాళ్లు కనిపెట్టింది 334, 353 లాంటి రకాలను. మొదటి విత్తనం మాత్రం మెక్సికోదే. కొలంబస్ 1492లో మిరియాల కోసం బయల్దేరి, దారి తప్పి, మిరపకాయను కనిపెట్టాడు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు దాన్ని గోవాలో దించారు. మనవాళ్లు కొరికి చూసి, మిరియంలా మండుతోందని ఆ పేరే తగిలించారు. అంటే అంతకు ముందే కొండవీటి కొలువులో విద్యాధికారిగా వెలిగిన శ్రీనాథుడు జన్మలో ఒక్క మిరపకాయ తినలేదు. ఆయన పల్నాటి జొన్నకూడు మీద అంతలా ఎందుకు విసుక్కున్నాడో పండితులు ఏమైనా చెప్పనీయండి, నంజుకోవడానికి కారం లేకపోవడం వల్లనే అని నా గట్టి నమ్మకం.

హోటలు గోడ మీద ఒక పెద్ద నాగజెముడు బొమ్మ, పక్కనే టోపీ పెట్టుకుని కునికే మనిషి. బాబాయ్ ఆగి చూశాడు. "మన డొంకలో కంప గదరా ఇది. దీనికి రంగులేసి లోపల పెట్టారేంది?" ఆ కంప కూడా మెక్సికో నుంచే వచ్చిందనీ, వాళ్ల జెండా మీద డేగ కూర్చుని ఉండేది దాని మీదేననీ, ముళ్లు తీసి కూర వండుకుంటారనీ అబ్బాయి చెప్పాడు. "మనం గొడ్లు రాకుండా పెట్టుకుంటాం, వాళ్లు వండుకుంటారు" అని బాబాయ్ మెక్సికో మీద మొదటి అభిప్రాయం ఏర్పరచుకున్నాడు.

ఈ లోపు వెయిటరు వచ్చాడు. గట్టిగా ఇరవై ఏళ్లుండవు. నెత్తిన ఆ బొమ్మలోని టోపీ. నోటుబుక్కు తీసి చాలా వినయంగా అడిగాడు, "స్పైస్ లెవెల్ ఎంత పెట్టమంటారు సార్? మైల్డా, మీడియమా, హాటా?"

గుంటూరులో, మిర్చి రైతును, ఈ ప్రశ్న.

"కాయ ఏది?" అన్నాడు బాబాయ్.

"సార్?"

"తేజానా, 341ఆ, బాడిగనా? కాయ తెలియకుండా కారం ఎట్టా చెప్పమంటావ్?"

"హలపెన్యో సార్. ఇంపోర్టెడ్."

"ఒకటి పట్రా, చూద్దాం."

ఒక చిన్న గిన్నెలో వెనిగరులో ఊరిన ఆకుపచ్చ చక్రాలు వచ్చాయి. బాబాయ్ ఒకటి తీసుకుని లైటుకు ఎదురుగా పట్టి చూశాడు. గింజలు లెక్కపెట్టాడు. రెండు వేళ్లతో నొక్కి, వాసన చూసి, నాలుక చివర పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. నలభై ఏళ్లుగా కమీషన్ కొట్ల ముందు బయ్యర్లు తన కాయను అలాగే నొక్కుతుంటే చేతులు కట్టుకుని నిలబడిన మనిషి. మొదటిసారి ఆయన కొనేవాడి వైపు కూర్చున్నాడు. ఆ అవకాశాన్ని తొందరపడి వదులుకోదల్చుకోలేదు.

"నెమ్ముంది" అన్నాడు కళ్లు తెరిచి. "పండలేదు. తాలు కింద పోద్ది."

తాలు అంటే ఏరి పక్కన పెట్టే నాసి కాయ. ఈ మాటకు లెక్క కూడా ఉంది. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు కారానికి కొలత కట్టాడు. మిరప సారాన్ని పంచదార నీళ్లలో పల్చన చేస్తూ పోయి, ఎన్ని రెట్లకు నాలుక మంట మర్చిపోతుందో చూడటమే ఆ పద్ధతి. హలపెన్యో 2,500 నుంచి 8,000 మధ్య తచ్చాడుతుంది. మన గుంటూరు సన్నం 35,000 దాటుతుంది. తేజా దాన్ని కూడా దాటిపోతుంది. అంటే ఆ కుర్రాడు 'హాట్' అంటున్నది మా ఇళ్లల్లో పసిపిల్లలకు అన్నప్రాశన నాడు పెట్టే కారం.

నాచోస్ వచ్చాయి, 349 రూపాయలు. ఇగ్నాసియో పేరున్నవాణ్ని అక్కడ ముద్దుగా నాచో అంటారు, మనం వెంకటేశ్వర్లును వెంకటి అన్నట్టు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మెక్సికో సరిహద్దు ఊళ్లో ఒక ఇగ్నాసియో, అమెరికా సైనికాధికారుల భార్యలు వచ్చేసరికి వంటవాడు కనపడక, చేతికందిన అప్పాల ముక్కల మీద చీజు కరిగించి పెట్టాడట. వంటవాడు లేనప్పుడు పుట్టిన వంటకం. మా టేబులు మీదికి వచ్చినదాంట్లోనూ వంటవాడి జాడ లేదు కాబట్టి సంప్రదాయం చక్కగా పాటించారనే అనాలి.

తర్వాత బర్రిటో. అన్నాన్ని రొట్టెలో మూటగట్టి ఇచ్చారు. "చద్దిమూట" అన్నాడు బాబాయ్, విప్పి అన్నం వేరు చేసుకుని, మజ్జిగ అడిగాడు. సోర్ క్రీమ్ తెచ్చారు. రొట్టె మైదాది. మెక్సికోలో ఎక్కువగా మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి, రుబ్బి రొట్టెలు చేస్తారు. ఆ సున్నమే లేకపోతే మొక్కజొన్నలోని సత్తువ ఒంటికి పట్టదు. సున్నానికి మన దగ్గర కరువా? కిళ్లీ కొట్టు హోటలు గుమ్మం ముందే ఉంది. ఎవరూ అడగలేదు, అంతే.

తింటున్నంతసేపూ నాకొక చిక్కు ప్రశ్న పట్టుకుంది. ఈ హాల్లో మెక్సికో ఎక్కడుంది? బాబాయ్ సంచిలో మిర్చి మెక్సికోది. ఆయన చేలో పత్తి, 2002లో బీటీ జన్యువుతో మన చేలకు వచ్చిన ఆ అమెరికన్ పత్తి, పుట్టింది ఆ గడ్డ మీదే. పెరట్లో సపోటా, బొప్పాయి, కూరలో టమాటా, అన్నీ అటువైపువే. ఆయన జేబులో చుట్ట సైతం అమెరికా ఖండం ఆకే, దాని బాగోగులు చూసే పొగాకు బోర్డు హెడ్డాఫీసు గుంటూరులోనే ఉంది. ఆపాదమస్తకం మెక్సికో తగిలించుకున్న మనిషి ఒక్కడే ఉన్నాడక్కడ. అతనికి మెనూ చదివి వినిపిస్తున్నారు.

బిల్లు వచ్చింది. 1,860, పైన జీఎస్టీ 93. బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని ఆ 93 దగ్గర ఆగాడు.

"ఇదేంది?"

"పన్ను తాతయ్యా. కేంద్రానికి రెండున్నర శాతం, రాష్ట్రానికి రెండున్నర."

"మాది పెదనందిపాడు" అన్నాడు బాబాయ్, వెయిటరు కుర్రాడి వైపు తిరిగి. "పర్వతనేని వీరయ్య చౌదరి గారి మాట మీద 1922లో ఇంగ్లీషోడికే పన్ను కట్టనన్న ఊరు." ఆ పిల్లాడు భక్తిగా తల ఊపి, కార్డు మెషీను నా ముందు పెట్టాడు. మన ప్రభుత్వం మనదే కాబట్టి నేను కట్టాను.

బాబాయ్ లెక్క అప్పటికి అయిపోయింది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోతే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలు మిర్చికి 11,781 రూపాయలు ఖరారు చేసింది. కిలో 118 అనుకోండి. నాచోస్ ప్లేటు మూడు కిలోల కాయలు. మొత్తం భోజనం పదహారున్నర కిలోలు, టిక్కీలో మూడో వంతు పైమాటే. నారు పోసిన దగ్గర్నుంచి కల్లంలో ఎండబెట్టేదాకా, నల్ల తామర పురుగును తప్పించుకుని ఇల్లు చేరిన కాయలు. పదహారున్నర కిలోలు తిన్నాక కూడా ఆయన కంట్లో నీరు రాలేదు.

వెళ్లేముందు కుర్రాడు అభిప్రాయం రాయమని కార్డు ఇచ్చాడు. బాబాయ్ పెన్ను తీసుకుని ఒకే మాట రాశాడు: తాలు.

30 టిక్కీలూ ఇంకా కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయి, అద్దె పెరుగుతోంది. ఊళ్లో మెక్సికన్ హోటలు పెట్టదలచినవాళ్లు ఎవరైనా ఉంటే మచ్చు మా ఇంట్లో ఉంది, వచ్చి చూసుకోవచ్చు. తేజా, ఎర్రటి కాయ, నెమ్ము లేదు, ఇంపోర్టెడ్ కాదు.