పసుపు సంచి దండగ
(మహమ్మారి మళ్లీ వస్తే భివండీ పద్మనగర్ దవాఖానాలు పాటించవలసిన చిట్కాలు)

డాక్టరు గారూ, తెలంగాణ నుంచి భివండీ వచ్చి సాంచాలు, అదే మరమగ్గాలు, పెట్టుకున్న పద్మశాలీలం మేము. నూలు వ్యర్థాన్నీ కిలోల లెక్కన అమ్ముకున్నాం. అలాంటి ఊళ్లో మీరు చెత్తకు ఎదురు డబ్బిచ్చి పంపడమేమిటి? జర ఆలోచించండి.

ముందు రంగుల గొడవ. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తమంటిన దూది, రోగి మాస్కు పసుపు సంచిలో. గ్లవ్స్, ప్లాస్టిక్ గొట్టాలు ఎరుపులో. సూదులు తెల్ల డబ్బాలో. గాజు సీసాలు నీలంలో వేయాలట. మనం నేసేది కోరా బట్ట, మనకు రంగులెందుకు? అన్నీ ఒకే నల్ల సంచిలో కుక్కండి. వేరుచేసే పని తెల్లారకముందే భంగార్ ఏరుకునే ఆడవాళ్లు చేస్తారు. ఉత్త చేతులతో చేస్తారు, జీతమూ అడగరు.

2020 మార్చిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇంకోటి తగిలించింది: కోవిడ్ చెత్తకు రెండు పొరల సంచి, పైన కోవిడ్ అని చీటీ. చీటీ మాత్రం అంటించకండి. అది చూస్తే చెత్తబండి కుర్రాడు వెనకాడతాడు. చూడకపోతే భుజాన వేసుకుని పోతాడు.

48 గంటలు దాటి నిల్వ ఉంచొద్దంటారు. మెట్ల కింద అంత చోటుండగా తొందరేమిటి? మరీ నిండితే వెనక సందులో తగలబెట్టండి. చెత్త కాల్చే కొలిమి రెండో అరలో 1050 డిగ్రీల వేడి ఉండాలన్నది పుస్తకాల మాట. మనకు నూనె గుడ్డ, అగ్గిపుల్ల చాలు. పొగంటారా? సైజింగ్ చిమ్నీల కింద బతికే జనానికి ఇదొక లెక్కా!

అసలు లాభం మాస్కుల్లో ఉంది. 2021 ఏప్రిల్‌లో మన మహారాష్ట్రలోనే, జల్‌గావ్‌లో, వాడిన మాస్కులను దూదికి బదులు పరుపుల్లో కూరుతుంటే పోలీసులు పట్టుకున్నారు. తెలివైన వ్యాపారమే, గుట్టు దక్కలేదంతే. ఇళ్లలో వాడిన మాస్కులను 72 గంటలు కాగితపు సంచిలో ఉంచి, కత్తిరించి మరీ పారేయమన్నారు, మళ్లీ ఎవరి మొహానికీ చేరకుండా. కత్తిరించకండి. నిండు మాస్కుకే ధర.

ఇక రిజిస్టరు. ఏ రోజు ఎంత చెత్త పోయిందో రాసి అయిదేళ్లు దాచాలి. దాన్ని వాననీళ్లు చేరే గదిలో, కింది అరలో పెట్టండి. తనిఖీకి ఎవరైనా వస్తే జూలై వానలకు తడిసిపోయిందని చెప్పండి. భివండీలో ఆ మాట ఎవరైనా నమ్ముతారు.