పైపుల పెద్దాయన

పెన్సిల్వేనియాలో ఏ పాత లూథరన్ చర్చికైనా వెళ్ళండి. ఎర్ర ఇటుక గోడలు, తెల్ల శిఖరం, నేలమాళిగలో కాఫీ, వెనక గ్యాలరీలో ఆయాసపడే ఆర్గన్. ఆ ఆర్గన్ ఇక పనికిరాదని తేలిన రోజున సంఘం ఒక కమిటీ వేస్తుంది. మళ్ళీ పైపుల ఆర్గనే కట్టించుకుందామా, డిజిటల్ ఆర్గన్ కొనుక్కుందామా అన్నది తేల్చడం దాని పని. కమిటీలో ఎవరెవరుండాలో పెద్దలు ఇంకా ఆలోచిస్తుండగానే ఒకాయన చంకలో ఫైలుతో వచ్చి ముందు వరసలో కూర్చుంటాడు. ఆయనే పైపుల పెద్దాయన. ఆయన్ని ఎవరూ ఎన్నుకోరు. లేచి వెళ్ళమనే ధైర్యమూ ఎవరికీ ఉండదు.

ఆయన్ని గుర్తుపట్టడం తేలిక. చర్చిలో అడుగుపెట్టగానే మనమంతా ఎదురుగా ఉన్న సిలువ వైపు చూస్తాం. ఆయన వెనక్కి తిరిగి గ్యాలరీ వైపు చూస్తాడు. లోపల ఎవరూ లేకపోతే గట్టిగా ఒక్క చప్పట్టు చరిచి, ఆ చప్పుడు ఎంతసేపటికి చల్లారుతుందో పెదాలు కదుపుతూ లెక్కపెడతాడు. తర్వాత చూపు నేల మీదికి దిగుతుంది. అక్కడ కార్పెట్ ఉంటే ఆ సంఘం మీద ఆయనకు ఆశ పోయినట్టే. కార్పెట్ శబ్దాన్ని తాగేస్తుంది. బెంచీల మీది మెత్తలూ అంతే. నడుం నొప్పి అమ్మమ్మలు చందాలేసుకుని కుట్టించుకున్న మెత్తలని ఎంత చెప్పినా ఆయన మనసు కరగదు. పది ఆజ్ఞలకు ఇంకొకటి చేర్చుకోనిస్తే ‘కార్పెట్ పరచకూడదు’ అని చేరుస్తాడు.

ఆయన దగ్గర వాతావరణం మాటెత్తకూడదు. ‘ఇవాళ చలి ఎక్కువండీ’ అన్నామా, అరగంట పోయినట్టే. గాలి వేడెక్కితే మామూలు పైపుల శ్రుతి పైకి పోతుందట. రేకు నాలుక ఉన్న పైపులు మాత్రం అంతగా కదలవట. సోమవారం నుంచి శనివారం దాకా గ్యాసు ఆదా కోసం హీటరు ఆపేసి, ఆదివారం పొద్దున్నే ఒక్కసారిగా రాజేస్తే సగం ఆర్గన్ ఒక శ్రుతిలో, మిగతా సగం ఇంకో శ్రుతిలో పాడతాయి. ఇదంతా మనకు చెబుతున్నట్టే ఉంటుంది గానీ ఆయన కళ్ళు ట్రెజరర్ గారి మీద ఉంటాయి. హీటరు మీట ఉండేది ట్రెజరర్ గారి చేతిలో.

సెలవులొచ్చినా ఆయనకు వేరే లోకం లేదు. సముద్రం చూపిస్తానని భార్యను అట్లాంటిక్ సిటీ తీసుకెళ్ళి, బోర్డ్‌వాక్ హాల్లో 33,000కు పైగా పైపులున్న ఆర్గన్ చూపించి తీసుకొచ్చాడు. సముద్రం ఎదురుగానే ఉంది. ఆవిడ ఒక్కతే వెళ్ళి చూసొచ్చింది. జర్మనీలో హాల్బర్‌స్టాట్ అనే ఊళ్ళో జాన్ కేజ్ రాసిన సంగీతాన్ని ఒక ఆర్గన్ మీద 2001 నుంచి వాయిస్తున్నారు. అది 2640లో పూర్తవుతుంది. స్వరాలు ఎప్పుడో గాని మారవు. 2024 ఫిబ్రవరి 5న మారతాయని తెలిసి ఈయన విమానమెక్కాడు. వచ్చాక ఎలా ఉందండీ అని అడిగితే ‘మారింది’ అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. మన కమిటీ కన్నా వాళ్ళే నయం, ఎప్పుడు ముగిస్తారో తేదీ చెప్పారు అన్నారు ట్రెజరర్ గారు.

కమిటీ సమావేశాల్లో ఆయన ఉపన్యాసం క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో మొదలవుతుంది. అలెగ్జాండ్రియాలో టెసిబియస్ నీటి ఒత్తిడితో గాలిని నడిపించి మొదటి ఆర్గన్ కట్టాడు. 757లో బైజాంటియం చక్రవర్తి ఫ్రాంకుల రాజు పెపిన్‌కి ఒక ఆర్గన్ కానుకగా పంపాడు. 1705లో బాఖ్ ఇంకో విద్వాంసుడి ఆర్గన్ వినడానికి లూబెక్ దాకా కాలినడకన వెళ్ళాడు. ఇక్కడికి వచ్చేసరికి కాఫీ చల్లారుతుంది, ఇద్దరు కునుకు తీస్తుంటారు. పెన్సిల్వేనియాకి చేరేసరికి మాత్రం ఆయన గొంతు తగ్గుతుంది. లిటిట్జ్ ఊళ్ళో ఉండి ఆర్గన్లు కట్టిన డేవిడ్ టానెన్‌బర్గ్ 1804లో యార్క్‌లోని లూథరన్ చర్చిలో తన చివరి ఆర్గన్‌కి శ్రుతి చేస్తూ పక్షవాతం వచ్చి పడిపోయాడు. కొద్ది రోజులకే పోయాడు. పెద్దాయన ఈ సంగతి చెప్పే తీరు చూస్తే, ఆ చావు రాసిపెట్టి ఉండాలే గాని అందరికీ దొరుకుతుందా అన్నట్టుంటుంది.

ఎదుటి పక్షం ట్రెజరర్ గారిది. ఆయనవన్నీ చిన్న వాక్యాలు. ఆ పక్షానికీ పెన్సిల్వేనియాయే పుణ్యక్షేత్రం. డిజిటల్ ఆర్గన్‌ని 1971లో మొదట మార్కెట్లోకి తెచ్చిన అలెన్ కంపెనీ ఇక్కడి మకంజీలోనే ఉంది. పైపుల ఆర్గన్‌లో ఒక్కో మెట్టుకి ఒక్కో పైపు కావాలి. 61 మెట్లకి ఒక వరస పైపులు. అలాంటి వరసలు ముప్పై ఉంటే 1,830 పైపులు, వాటికి గాలితిత్తులు, తోలు కవాటాలు, పెట్టడానికి ఒక గది. డిజిటల్‌లో అసలు పైపుల శబ్దాన్నే రికార్డు చేసి చిప్పులో దాస్తారు. మెట్టు నొక్కితే స్పీకరు పలుకుతుంది. శ్రుతి చెడదు, చలి తెలియదు, తోలు చిరగదు. డిజిటల్ కొన్ని పదివేల డాలర్లలో వస్తుంది. పైపులతో ఓ మోస్తరు ఆర్గన్ కట్టించినా పది లక్షల డాలర్లు దాటొచ్చు. ఇంతే ఆయన వాదన. చెప్పేసి కాల్క్యులేటర్ మూసేస్తారు.

మూసిన కాల్క్యులేటర్‌ని పెద్దాయన తెరుస్తాడు. పది లక్షల్ని వందేళ్ళతో భాగిస్తాడు. దాన్ని యాభై రెండు ఆదివారాలతో భాగిస్తాడు. దాన్ని మళ్ళీ సంఘ సభ్యులతో భాగిస్తాడు. చివరికి మనిషికి వారానికి ఒక కప్పు కాఫీ ఖర్చని తేలుతుంది. అందరూ తలాడిస్తారు. ‘వందేళ్ళ తర్వాత కాఫీ తాగడానికి మనలో ఎంతమంది ఉంటారండీ? ఇప్పుడే ఆదివారం అరవై మంది రావడం లేదు’ అంటారు ట్రెజరర్ గారు. పెద్దాయన వెంటనే ఫైలులోంచి ఇంకో కాగితం తీస్తాడు. పక్క కౌంటీలో మూతపడుతున్న ఒక చర్చి తన ఆర్గన్‌ని ఉచితంగా ఇచ్చేస్తానంటోంది. ఉచితం ఆర్గన్ వరకే. విప్పడానికి, పెట్టెలకెత్తడానికి, లారీలకి, కొత్త తోలుకి, మళ్ళీ నిలబెట్టడానికి అయ్యే ఖర్చు కాగితం వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ కాగితాన్ని ఆయన ఎప్పుడూ తిప్పడు. ట్రెజరర్ గారు ఎప్పుడూ తిప్పుతారు.

ఇద్దరికీ సమానంగా ఇష్టమైన కథ ఒకటుంది. 1935లో హామండ్ కంపెనీ ఎలక్ట్రిక్ ఆర్గన్ తెచ్చి, ఇది పైపుల ఆర్గన్‌తో సరితూగుతుందని ప్రకటించుకుంది. అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాని మీద ఫిర్యాదు వేసింది. షికాగో విశ్వవిద్యాలయంలోని రాక్‌ఫెల్లర్ చాపెల్లో రెండిటినీ పక్కపక్కన వాయించి సంగీతజ్ఞులకు, మామూలు శ్రోతలకు వినిపించారు. హామండ్ రెండువేల ఆరువందల డాలర్లది, చాపెల్లోని స్కిన్నర్ ఆర్గన్ డెబ్భై అయిదువేలది. విన్నవాళ్ళు దాదాపు సగంసార్లు పొరబడ్డారనో ఊహించి చెప్పారనో హామండ్ వకీళ్ళు వాదించారు. ట్రెజరర్ గారు కథ ఇక్కడ ఆపేస్తారు. అసలు పైపుల ఆర్గన్‌నే హామండ్ మనుషులు హామండ్‌లా మోగేట్టు తిప్పేశారని కమిషన్ సాక్షులు చెప్పారు, ఆ ప్రకటనలు మానుకోమని చివరికి కమిషన్ ఉత్తర్వు ఇచ్చింది. పెద్దాయన ఈ సాక్ష్యం దగ్గర్నుంచే కథ మొదలుపెడతాడు. న్యూయార్క్ ట్రినిటీ చర్చిదీ అదే వరస. 2001 సెప్టెంబర్ 11 నాటి దుమ్ము పైపుల్లోకి చేరితే 2003లో డిజిటల్ పెట్టుకున్నారని ఒకరు, ఆ తర్వాత మళ్ళీ పైపులే కట్టించుకున్నారని ఇంకొకరు.

ఈ ఇద్దరి మధ్య నన్ను కూర్చోబెట్టారు. సాఫ్ట్‌వేర్ మనిషిని కాబట్టి డిజిటల్‌కే ఓటేస్తానని ట్రెజరర్ గారి ధీమా. గుంటూరులో కాళ్ళతో తొక్కే హార్మోనియం వింటూ పెరిగానని ఒకసారి నోరుజారాను. అప్పట్నుంచి పెద్దాయన నన్ను వదలడు. ‘మీరు గాలి పక్షం. మీ ఊరికి 1842లో ఫాదర్ హయ్యర్‌ని పంపిందే మా పెన్సిల్వేనియా లూథరన్లు. రుణం తీర్చుకోండి’ అంటాడు. నూట ఎనభై ఏళ్ళ నాటి రుణాన్ని ఒక్క ఓటుతో తీర్చేయొచ్చన్న మాట వినడానికి బాగానే ఉంటుంది. హార్మోనియం పక్కన తబలా కూడా ఉండేదని మాత్రం నేను చెప్పలేదు. చెబితే అది ఏ చెక్కతో చేస్తారని అడుగుతాడు.

వాయించే ఆవిడ ఒకరున్నారన్న సంగతి కమిటీకి చాలా ఆలస్యంగా గుర్తొస్తుంది. పిలిచి అడిగితే ఆవిడ మూడే కోరికలు చెబుతుంది. ఎత్తు తగ్గించుకునే వీలున్న బల్ల, కాళ్ళ దగ్గర చిన్న హీటరు, పాటల పుస్తకం మీద పడే దీపం. పైపులా డిజిటలా అంటే ‘ఏదైనా ఫర్వాలేదండీ, ఆదివారం పొద్దున మోగితే చాలు’ అంటుంది. ఈ సమాధానం రెండు పక్షాలకూ నచ్చదు. ఆవిడకు కృతజ్ఞతలు చెప్పి మినిట్స్‌లో రాసుకుని మళ్ళీ వాదనలో పడతారు.

కమిటీ ఒకరోజు డిజిటల్ షోరూముకి వెళుతుంది. కొత్త ఆర్గన్‌ని పరీక్షించేటప్పుడు బాఖ్ ముందుగా స్టాపులన్నీ, అంటే ఏ వరస పైపులు మోగాలో ఎంచే పిడులన్నీ లాగి దాని ఊపిరితిత్తులు చూసేవాడట. పెద్దాయనా అన్నీ లాగి నొక్కి, ‘ఊపిరితిత్తులు లేవు’ అంటాడు. ‘ఉండవండీ’ అంటాడు అమ్మేవాడు వినయంగా. తర్వాత గర్వంగా ఒక మీట చూపిస్తాడు. అది వేస్తే గాలి ఊదే మోటారు శబ్దం సన్నగా వినిపిస్తుంది, ఒక్కో స్వరం పిసరంత శ్రుతి తప్పుతుంది. అచ్చం అసలుదానిలాగే. ‘అంటే మా పైపులు ఊరికే చేసే తప్పులకి మీరు డబ్బులు తీసుకుంటారన్నమాట’ అన్నాడు పెద్దాయన. ఆ రోజు ఆయన చేతిలో ట్రెజరర్ గారు మొదటిసారి ఓడిపోయారు.

పెద్దాయనకి సంగీతం మీద అంత మక్కువని ఎవరూ అనుకోకండి. పాట రెండో చరణంలో ఆయన చెవి పాట మీద ఉండదు, నాలుగో వరసలో ఎక్కడో సన్నగా కారుతున్న గాలి మీద ఉంటుంది. క్రిస్మస్ ముందురాత్రి నిశ్శబ్ద ప్రార్థన మధ్యలో ఒక స్వరం ఇరుక్కుపోయి ఆగకుండా మోగడం మొదలవుతుంది. వాయించేవాళ్ళు దానికి సైఫర్ అంటారు. అందరూ బిక్కముఖాలేసుకుంటారు. ఈయన లేచి, జేబులోంచి టార్చిలైటు తీసి, పక్క తలుపు తెరుచుకుని ఆర్గన్ పొట్టలోకి దూరిపోతాడు. లోపల చీకట్లో చెక్కమెట్లు ఎక్కుతున్న చప్పుడు. స్వరం ఠక్కున ఆగుతుంది. చేతిలో పీకిన పైపుతో, నెత్తిన బూజుతో ఆయన బయటికొస్తాడు. ఆ ముఖం చూసినవాళ్ళెవరికైనా అసలు సంగతి అర్థమవుతుంది. ఆయన ప్రేమించేది పైపుల శబ్దాన్ని కాదు, వాటి జబ్బుల్ని. డిజిటల్ మీద ఆయన అసలు ఫిర్యాదు అది బాగా మోగదని కాదు, తనని పిలవదని.

చివరికి ఓట్లు డిజిటల్‌కే పడ్డాయి. పెద్దాయన మూడుసార్లు రాజీనామా చేసి నాలుగుసార్లు వెనక్కి తీసుకున్నాడు. ముందు వరస పైపుల్ని తీయకూడదు, స్పీకర్లు వాటి వెనకే పెట్టాలని షరతు పెట్టాడు. వాటి దుమ్ము దులిపే పనీ తనే తీసుకున్నాడు. ఇప్పుడు ఆయన ఫైలు ఇంకా లావైంది. ఏ స్పీకరు ఏ ఆదివారం ఎంత గరగరలాడిందో తేదీలతో సహా అందులో ఉంది. ట్రెజరర్ గారు ఆ ఫైలు ఆధారంగానే వారంటీ కింద రెండు స్పీకర్లు మార్పించారు, డబ్బు కట్టకుండా. ఆ తర్వాతి ఆదివారం ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

ఇలాంటివాడు ప్రతి సంఘానికీ ఒకడు కావాలి. లేకపోతే ఏది పాడైందో కూడా ఎవరికీ తెలియదు. కానీ ఒక్కడే కావాలి. ఇద్దరుంటే సంఘం చీలుతుంది. ఆ సంగతి తెలుగు క్రైస్తవుడికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.