కాల్లో ముల్లును ఏళ్ల తరబడి కాపాడుకోవడం ఎలా?

అర్ధవీడు చుట్టుపక్కల ముల్లుకు కరువు లేదు. గట్టు మీద చిల్లచెట్లు, దొడ్డి చుట్టూ రేగుకంప, బీట్లో పల్లేరుకాయలు, నల్లమల అంచుకు పోతే ఇంకా రకరకాలు. చిల్లచెట్టు, అదే సర్కారు తుమ్మ, అసలు ఈ నేలది కాదు. జమైకా గింజలు తెప్పించి 1877లో మన పక్కనే కడప జిల్లా కమలాపురంలో నాటించారు దొరలు. సముద్రాలు దాటి వచ్చిన ముల్లును నిమిషంలో పీకి పారేయడం మర్యాద కాదు. దాన్ని ఒంట్లో పదికాలాలు నిలుపుకోవాలంటే కింది చిట్కాలు పాటించండి.

1. కూర్చుని తీయొద్దు. గొర్రెలు ముందుకు పోతుంటే ముల్లు కోసం ఆగుతారా? ఒంటికాలి మీద నిలబడి, వేళ్లతో అడ్డంగా పట్టి గుంజండి. దిగిన దారిలోనే నిదానంగా వెనక్కి లాగితే మొత్తం ఊడి వచ్చేస్తుంది, జాగ్రత్త. చేతికొచ్చిన ముక్కకు కొన ఉందో లేదో చూడకుండా అవతల పారేయండి. కొన లోపల ఉండిపోతేనే మన పని మొదలవుతుంది.

2. పిన్నీసుతో కెలకండి. అవ్వ పొద్దున పళ్లు కుట్టుకున్న పిన్నీసైతే మరీ శ్రేష్ఠం. నెత్తురు కమ్మి ఏమీ కనబడనంత వరకూ కెలికితే ముల్లు ఇంకాస్త లోపలికి సర్దుకుంటుంది. ఆపైన జిల్లేడు పాలు పిండండి. చర్మం కమిలి బొబ్బ లేస్తే ‘పాలు ముల్లును లాగుతున్నాయి’ అని సంతోషించండి. చివర్లో పేడో మట్టో మెత్తండి. ధనుర్వాతం తెచ్చే క్రిముల గింజలు మట్టిలోనూ పశువుల పేడలోనూ ఉంటాయి, గాలి తగలని లోతు పుండంటే వాటికి ప్రాణం. టీటీ సూది మాటెత్తిన వాళ్లతో ‘అది తుప్పు మేకుకు గదా, ముల్లుకెందుకు?’ అని వాదించండి.

3. నొప్పి తగ్గితే ముల్లు పోయినట్టే లెక్క. ఈ ఒక్క సూత్రం గట్టిగా పట్టుకుంటే మిగతావి మరిచినా ఫరవాలేదు. గాజు పెంకు, ఇనుప రజను, మార్కాపురం పలక రాయి పెచ్చు లోపల ఉండిపోతే, చాలాసార్లు ఒళ్లు వాటి చుట్టూ పొర కట్టి ఊరుకుంటుంది. అవి ఏళ్లకేళ్లు అలాగే పడుంటాయి. ముల్లు, కట్టె పేడు చెట్టు సరుకు గనుక ఒళ్లు వాటితో రాజీ పడదు. వాస్తుంది, చీము పోస్తుంది, మానినట్టే మాని మళ్లీ వాస్తుంది. వాచినప్పుడల్లా కొత్త కారణం వెతకండి. ఈసారి వేడి చేసిందనండి, వచ్చేసారి పప్పు తిన్నందుకు చీము పట్టిందనండి. అరికాల్లో గట్టిపడితే ఆనెకాయని పేరు పెట్టి బ్లేడుతో చెక్కుకోండి. కీలు దగ్గర గుచ్చుకుని మోకాలు నెలల తరబడి వాచితే వాతం మీదికి తోసెయ్యండి.

4. డాక్టరు దగ్గర నోరు విప్పొద్దు. పోక తప్పకపోతే వాపు మాత్రం చూపించండి. పోయినేడు కంప కొట్టేటప్పుడు ముల్లు దిగిన సంగతి కడుపులో దాచుకోండి. ఎక్స్-రేలో ఇనుము కనబడుతుంది, గాజు కనబడుతుంది, రాయి కనబడుతుంది, ముల్లు మాత్రం సాధారణంగా కనబడదు. ‘ఫొటోలో ఏమీ లేదన్నారు’ అని ఊరంతా చాటండి. ముల్లును పట్టించగల అల్ట్రాసౌండు స్కానింగు కడుపుతో ఉన్న ఆడవాళ్లకేనని నమ్మండి.

5. చెప్పులు ఊళ్లోకే. చేలోకి దిగేముందు గట్టు మీద విడవండి, అరిగిపోతాయి. షుగరుతో పాదాలు మొద్దుబారిన పెద్దాయన ఇంట్లో ఉంటే ఆయన్ని తప్పకుండా వట్టికాళ్లతో తిప్పండి. ముల్లు దిగినట్టు ఆయనకే తెలియదు, ఇక తీసేదెవరు?

6. నొప్పి లేని గడ్డను పలకరించొద్దు. ముల్లుపోటుతో మట్టిలోని బూజో సూక్ష్మజీవో లోపల చేరితే, ఒక్కోసారి ఎంతో కాలానికి పాదం మెల్లగా ఉబ్బుతుంది. చిల్లులు పడి వాటిలోంచి నల్లవో తెల్లవో ఎర్రవో సన్నని రవ్వలు రాలతాయి. 1842లో మదురైలో పనిచేసిన జాన్ గిల్ అనే వైద్యుడు దీని గురించి రాశాడు. ఆ ఊరి పేరు మీదే మదురా పాదం అంటారు, వైద్యుల పుస్తకాల్లో మైసెటోమా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. ఎక్కువగా పట్టేది వట్టికాళ్ల రైతులను, కాపరులను. మొదట్లో నొప్పి ఉండదు గదా, పనికి పోతూనే ఉండండి. ఎముక దాకా తిన్నాక నెలలూ ఏళ్లూ మందులు మింగొచ్చు, పాదం తీసేయాల్సీ రావచ్చు.

ముల్లుకు గిట్టని పనులు

కొందరు తొందరపాటు మనుషులు ముల్లును బతకనివ్వరు. దిగగానే నీడన కూర్చుంటారు. సబ్బుతో కడిగి, కాచిన పట్టకారుతో దిగిన దారిలోనే లాగుతారు. వచ్చిన ముల్లును వెలుతురులో పెట్టి కొన చూస్తారు. కొన లేకపోయినా, లోతుగా ఉన్నా, కీలు దగ్గరున్నా తామే కెలకరు, ఆసుపత్రికి పోతారు. టీటీ ఎప్పుడు వేయించుకున్నారో చెబుతారు. మానిన చోటే మళ్లీ వాచిందంటే ‘ఇక్కడ ఫలానా నాడు ముల్లు దిగింది, స్కానింగులో చూడండి’ అని వాళ్లే అడుగుతారు. షుగరున్నవాళ్లు రోజూ పడుకోబోయే ముందు అరికాళ్లు చూపించుకుంటారు.

ఇలాంటివాళ్ల పక్కన నడవకండి. మీరు కుంటడం చూస్తే చాలు, ఏ కాలు, ఎన్నాళ్లైంది, ఏం గుచ్చుకుందని ఆరా తీసి, బండెక్కించి కంభం ఆసుపత్రికి తీసుకుపోతారు.