మామ బట్టీ పెట్టాడు

కోయంబత్తూరులో అద్దె ఇల్లు చూడవచ్చినవాళ్ళు గదులెన్ని అని అడగరు. నేరుగా వంటింట్లోకి పోయి, కొళాయి తిప్పి, "ఇది శిరువాణేనా?" అంటారు. ఔనంటే అద్దె పెరుగుతుంది, పెరిగినందుకు ఎవరూ నొచ్చుకోరు. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ నీళ్ళు రెండు జాతులు. తాగడానికి మంచినీళ్ళు, మిగతా సమస్తానికీ ఉప్పునీళ్ళు. కొత్తల్లుడు పొరపాటున ఉప్పునీళ్ళ కొళాయి కింద చెంబు పట్టాడా, ఆ కథ అతని పిల్లల పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకుంటారు.

శిరువాణి నీళ్ళు రుచిలో ప్రపంచానికే రెండోవని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. మరి మొదటివేవి అంటే మాత్రం తలొక మాట. నైలు నది అని కొందరంటారు. ఆ పోటీ ఎవరు పెట్టారో, చెంబులు పట్టుకుని ఏ దేశం నుంచి ఎవరెవరు వచ్చారో అడిగినవాడు లేడు. గొప్ప చెప్పుకోవాలనుకుంటే మొదటి స్థానమే పుచ్చుకోవచ్చు గదా, రెండుతో సరిపెట్టుకున్నారంటే నిజమే అయి ఉంటుందని నా నమ్మకం. శిరువాణి ఆనకట్ట ఉన్నది కేరళలో, పాలక్కాడు జిల్లాలో. నీళ్ళు సొరంగం గుండా కొండ దాటి తమిళనాడులోకి వస్తాయి. విజయనగర సైన్యాల వెంటా, మధుర నాయకుల వెంటా వచ్చి, నల్లరేగడి కనబడ్డ చోటల్లా దిగిపోయిన మాబోటి తెలుగువాళ్ళు వాటిని తాగి, "మా నీళ్ళు" అని మీసం మెలేస్తారు.

అటువంటి నీళ్ళు తాగి పెరిగిన మా మామ, ఉద్యోగ విరమణ తర్వాత శరవణంపట్టి అవతల ఇల్లు కట్టుకున్నాడు. విశాలమైన ఇల్లు, మంచి గాలి, ముందు వేపచెట్టు. శిరువాణి మాత్రం రాదు. బోరు వేస్తే పడ్డ నీళ్ళు చూడ్డానికి స్ఫటికంలా ఉన్నాయి గాని, తాగితే నాలుక మీద గచ్చు చేసినట్టయింది. మామ ఒక మీటరు కొన్నాడు. కలం అంత ఉంటుంది, నీళ్ళలో ముంచితే కరిగి ఉన్న లవణాల లెక్క చెబుతుంది. 1400 చూపించింది. లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకోవచ్చు అని మన దేశపు ప్రమాణాలు చెబుతాయి. ఆ రెండో ముక్క మామకు నచ్చలేదు. "వేరే దిక్కు లేదని ఎవరన్నారు?" అన్నాడు. ఆ మాటతో మాకు గుండె జారిపోయింది.

ఎందుకంటే మా కోయంబత్తూరు తెలుగిళ్ళలో ఇంటికొక జి.డి. నాయుడు ఉంటాడు. అసలు జి.డి. నాయుడు 1893లో కలంగల్ అనే పల్లెలో పుట్టి, పొల్లాచ్చి దారిలో ఒక్క బస్సుతో మొదలుపెట్టి, గడ్డం గీసుకునే రేజరు దగ్గర నుంచి రేడియో దాకా, పళ్ళరసం తీసే యంత్రం దాకా ఏది కంటబడితే అది తయారుచేసిన మనిషి. 1937లో ఆయనా, డి. బాలసుందరం నాయుడూ కలిసి చేసిన ఎలక్ట్రిక్ మోటారు దేశంలోనే మొదటిదని పేరు. 2025లో అవినాశి రోడ్డు మీద తెరిచిన పెద్ద వంతెనకి ఆయన పేరే పెట్టారు. ఆయన 1974లోనే పోయారు గాని, ఆయన పూనకం మాత్రం ఇప్పటికీ ఎవరో ఒక మామ మీద వాలుతూనే ఉంటుంది. మా మామ పీళమేడులో పంపుసెట్ల వర్క్‌షాపులో జుట్టు నెరిపించుకున్నవాడు. నిద్రలో కూడా మోటారు శబ్దం విని అందులో బేరింగు పోయిందో, వైండింగు కాలిందో చెప్పగలడు. అలాంటివాడు కొన్న వస్తువుతో తృప్తి పడతాడా?

కొన్న వస్తువు ముచ్చట కూడా అయింది లెండి. ఆర్‌ఓ ఫిల్టరు అమ్మే కుర్రాడొకడు వచ్చి గోడకి బిగించి చూపించాడు. మామ దాని వెనక గొట్టం కింద బకెట్టు పెట్టి కూర్చున్నాడు. మంచినీళ్ళు ఒక బిందె వచ్చేలోపు పారబోసే నీళ్ళు మూడు బిందెలు వచ్చాయి. నీళ్ళు పాతాళం నుంచి పైకి తోడడానికే బతుకంతా ధారపోసిన మనిషి, అవి మోరీలోకి పోతుంటే చూడలేకపోయాడు. కుర్రాడికి కాఫీ ఇచ్చి పంపేశారు.

"నీళ్ళలో నుంచి ఉప్పు తీసేదెందుకు? ఉప్పులో నుంచి నీళ్ళే తీసుకుంటే సరి గదా" అన్నాడు మామ. అంటే కాచి, ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టడం. సున్నపుముక్క ఆవిరి కాదు గనుక అడుగునే పడి ఉంటుంది. మాటకి ఎంతో తేలిక.

అత్త పుట్టింటివాళ్ళు పెళ్ళికి పెట్టిన పది లీటర్ల అల్యూమినియం కుక్కరు అటక మీద నుంచి దిగింది. దాని నెత్తి మీది వెయిట్ తీసేసి అక్కడ గొట్టం తగిలించాడు. ఉక్కడం పాత ఇనుప అంగళ్ళలో తెచ్చిన రాగి గొట్టాన్ని ఇనుప కడ్డీకి చుట్టి, చుట్టలు చుట్టలుగా చేసి, ఉప్పునీళ్ళు నింపిన బకెట్టులో ముంచాడు. కింద చిల్లి పెట్టి గొట్టం కొసని బయటికి లాగి, దాని కింద వెండి చెంబు పెట్టాడు. పొయ్యి వెలిగించారు. కుక్కరు మూలిగింది. ఆవిరి గొట్టంలోకి పోకుండా అతుకు దగ్గర బుస్సుమని బయటికి కొట్టింది. టేపు చుట్టాడు, బంక పూశాడు, రబ్బరు వేశాడు. మళ్ళీ బుస్సు.

వసారాలో మంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్న మా అవ్వ, ఎనభై దాటిన మనిషి, కళ్ళు తెరవకుండానే అంది: "రాగిపిండి గట్టిగా కలిపి అతుకు చుట్టూ మెత్తరా. మీద తడిగుడ్డ చుట్టు. గొట్టం అట్లా పైకెత్తబాకు, వాలుగా ఉండాల."

చేశాడు. ఆవిరి కిక్కురుమనలేదు. గొట్టం కొసన ఒక బొట్టు ఊరి, లావై, వణికి, చెంబులో టప్పున పడింది. చుట్టూ చేరిన మేమంతా చప్పట్లు కొట్టాం.

"మొదటి గిద్దెడు పారబొయ్యి. అది తాగితే తలనొప్పి వస్తాది" అంది అవ్వ మళ్ళీ.

చప్పట్లు ఆగిపోయాయి. మామ మెల్లగా తిరిగి, "నీకెట్లా తెలుసమ్మా?" అన్నాడు.

"మా నాయన తోటలో కషాయం కాచేవాళ్ళు గదా" అంది అవ్వ.

రాజాజీ 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతా పాకి, 1971 దాకా ఉంది. అవ్వ బాల్యమూ యవ్వనమూ ఆ మధ్యలోనే గడిచాయి. ఏ కషాయమో మేం అడగలేదు. అయితే ఆమె చెప్పింది శాస్త్రానికి సరిగ్గా సరిపోయింది. నీటికన్నా ముందు ఆవిరయ్యే పదార్థాలేమైనా ఉంటే అవి మొదటి విడతలోనే దిగుతాయి, అందుకే ఆ మొదటి కాస్త పారబోయాలి. ఈ సంగతి మామ ఒక పుస్తకంలో చదివి తెలుసుకున్నాడు. అవ్వకి పుస్తకం అవసరం లేకపోయింది.

తర్వాత లెక్కలు మొదలయ్యాయి. నీళ్ళు మరగడం పెద్ద పని కాదు, మరిగిన నీళ్ళు ఆవిరి కావడానికే అసలు ఖర్చు. మామూలు నీళ్ళని వంద డిగ్రీలకి తేవడానికి పట్టే వేడికి ఏడింతలు, వంద డిగ్రీల నీళ్ళని వంద డిగ్రీల ఆవిరి చేయడానికి పడుతుంది. గ్యాసు మీదైతే సిలిండరుకి ఎంత పొదుపుగా చూసినా 150 లీటర్లు. రెండోసారి సిలిండరు బుక్ చేయాల్సి వచ్చినప్పుడు అత్త మాట్లాడలేదు, గ్యాసు పుస్తకం తెచ్చి మామ ఒళ్ళో పెట్టింది అంతే. కరెంటు పొయ్యికి మారాడు. లీటరుకి సుమారు ముప్పావు యూనిట్టు. తమిళనాడులో రెండు నెలలకి వంద యూనిట్లు ఉచితం గదా అని మామ ధీమా. ఆ వంద యూనిట్లూ నీళ్ళకే పోస్తే వచ్చేది మహా అయితే 140 లీటర్లు. లైట్లూ ఫ్యాన్లూ ఆపేసి, చీకట్లో చెమటలు కక్కుతూ శుద్ధజలం తాగొచ్చు.

అదీగాక బకెట్టు. ఒక లీటరు ఆవిరి నీరు కావాలంటే చుట్టూ ఉన్న నీళ్ళు కాగిపోతాయి. ముప్పై డిగ్రీలు వేడెక్కనిచ్చినా సుమారు 18 లీటర్లు కావాలి. మంచినీళ్ళకి మూడింతలు మోరీలో పోస్తుందని ఫిల్టరుని తరిమేసిన మనిషి ఇప్పుడు పద్దెనిమిదింతల నీళ్ళు వెచ్చబెడుతున్నాడు. ఇంట్లో ఎవరూ ఆ ముక్క ఎత్తలేదు, ఎందుకంటే ఆ వేడినీళ్ళు బకెట్లకి బకెట్లు స్నానాలకి దొరుకుతున్నాయి. పొద్దున్నే "మామా, బట్టీ పెట్టలేదా?" అని పిల్లలు అడుగుతుంటే తన ఆవిష్కరణ మీద ప్రేమ అనుకుని ఆయన పొంగిపోయేవాడు.

ఇక రుచి. మొదటి చెంబు రాగి గొట్టం వాసన కొట్టిందని పారబోశాం. మరీ శుద్ధమైన నీళ్ళు ఆకలిగొని ఉంటాయి, తగిలిన లోహాన్నల్లా కాస్త కొరుకుతాయి. స్టీలు గొట్టం వేశాక వచ్చిన నీళ్ళలో మీటరు ముంచితే 3 చూపించింది. బంధువుల్ని పిలిచి వెండి గ్లాసుల్లో పోశారు. అందరూ తాగి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి అత్తే నోరు తెరిచింది.

"నీళ్ళు తాగినట్టు లేదు. నేను నీళ్ళు తాగినానని ఎవరో వచ్చి చెప్పినట్టు ఉండాది."

కాచినప్పుడు నీళ్ళలో కలిసి ఉండే గాలి పోతుందనీ, అందుకే చప్పగా ఉంటాయనీ, అటూ ఇటూ తిరగబోస్తే గాలి మళ్ళీ చేరుతుందనీ మామ చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. గ్లాసూ డవరా తీసుకుని, కాఫీ ఆర్చినట్టు మూరెడు ఎత్తు నుంచి ఉత్తనీళ్ళు తిరగబోస్తూ వాకిట్లో నిలబడ్డాడు. పక్కింటాయన ప్రహరీ మీంచి చూసి, రంగు లేని కాఫీ ఏదైనా కొత్తగా వచ్చిందేమోనని అడిగాడు. అసలు కాఫీ కూడా ఆ నీళ్ళతో పెట్టి చూశాం. నీళ్ళలో కాస్త కాల్షియం, మెగ్నీషియం లేకపోతే పొడిలో సారం సరిగ్గా దిగదట. దిగలేదు. కోయంబత్తూరులో ఏ వ్యాజ్యమైనా కాఫీ దగ్గరే తేలిపోతుంది. అప్పీలు లేదు.

ఈ సంగతంతా మదురైలో తెప్పకుళం దగ్గర ఉండే మా చిన్నమ్మకి ఫోనులో చెప్పాం. ఆమె కాసేపు ఏమీ మాట్లాడక, "అన్నా, నీళ్ళను ఆవిరి చేస్తా ఉండావా? కావాలనే చేస్తా ఉండావా?" అంది. ఆమె గొంతులో ఉన్నది కోపం కాదు, భయం. మదురై వాళ్ళ దృష్టిలో నీళ్ళు ఆవిరి కావడం దొంగతనం కిందికి వస్తుంది. చైత్రంలో అళగరు స్వామి వైగైలో దిగాలంటే ఎగువన ఆనకట్ట తెరిచి నీళ్ళు వదిలితే తప్ప నదిలో తడి కనబడని ఊరది. తిరుమల నాయకుడు అంత ముచ్చటపడి తవ్వించిన తెప్పకుళంలో నీళ్ళు లేక పిల్లలు ఏళ్ళ తరబడి క్రికెట్ ఆడుకున్నారు. మా చిన్నమ్మ కొడుకు బ్యాటింగు నేర్చుకున్నది ఆ కోనేటి అడుగునే. 2017 ఏప్రిల్‌లో అప్పటి మంత్రి సెల్లూర్ కె. రాజు వైగై ఆనకట్ట నీళ్ళు ఎండకి ఆవిరి కాకుండా థర్మాకోల్ అట్టలు టేపుతో అతికించి నీళ్ళ మీద పరిపించారు. కాసేపట్లో గాలికి అట్టలన్నీ ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. దేశమంతా నవ్వింది. నేను మాత్రం ఆయన పక్షమే. 2015లో అమెరికాలో లాస్ ఏంజెలెస్ వాళ్ళు ఒక రిజర్వాయరులో 9.6 కోట్ల నల్ల ప్లాస్టిక్ బంతులు పోస్తే, అందులో ఆవిరి తగ్గడం కూడా ఒక లాభమని రాసుకుని అబ్బో అన్నాం. మన మంత్రిగారి అట్టలకి బరువు చాలలేదు, అంతే. ఆవిరిని ఆపబోయి ఆయనా, ఆవిరిని పట్టబోయి మా మామా, ఇద్దరూ అభాసుపాలయ్యారు.

బట్టీ మూలపడే సమయానికి దాన్ని కాపాడింది కందిపప్పు. బోరునీళ్ళలో పప్పు ఉడకడం మానేసి చాలాకాలమైంది. నీళ్ళలోని సున్నం పప్పు పొరని బిగించేస్తుంది, ఎంత కాచినా పలుకు పలుకుగానే ఉంటుంది. చిటికెడు సోడా ఉప్పు వేసి అత్త నెట్టుకొస్తోంది. ఒకరోజు మిగిలిపోయిన మామ నీళ్ళు పారబోయడం ఎందుకని పప్పులో పోసింది. వెన్నలా ఉడికింది. ఆ పూట మామ మూడుసార్లు పప్పు వడ్డించుకున్నాడు, మూడుసార్లూ ఎవరూ అడక్కుండానే కారణం వివరించాడు. తర్వాత వీధిలోవాళ్ళు ఇన్వర్టరు బ్యాటరీలకి సీసాలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. తాగడానికి పనికిరావన్న నీళ్ళని బ్యాటరీలు మహా ప్రీతిగా తాగాయి.

అక్టోబరులో ఈశాన్య వానలు దిగాక అవ్వ మంచం మీద లేచి కూర్చుంది. "ఆవిరి పైకి పోయి, చల్లబడి, కిందికి దిగేదే గదరా నీ మిషను? ఆ పడేది ఏమి మరి?" అని వాకిలి చూపించింది. 2003 నుంచి ఈ రాష్ట్రంలో ప్రతి ఇంటికీ వాననీటి గుంట తప్పనిసరి. మామకీ ఉంది, కానీ అది భూమికోసం అనుకున్నాడు గాని తన చెంబుకోసమని ఎప్పుడూ అనుకోలేదు. అవ్వ చెప్పినట్టు డాబా మీద నాలుగు గెడలు పాతి, తెల్ల పంచె నాలుగు కొసలూ కట్టి, నడుమ ఒక గుండ్రాయి వేసి, కింద బిందె పెట్టారు. మీటరు 15 చూపించింది. గ్యాసు లేదు, కరెంటు లేదు, బకెట్టు లేదు.

ఇంకెవరైనా అయితే అంతటితో ఊరుకునేవాళ్ళు. మొదటి వానలో దుమ్ము ఉంటుంది గనుక, మొదటి అయిదు నిమిషాలు పంచె దానంతట అదే ముడుచుకుని తర్వాత తెరుచుకునేలా చిన్న మోటారు బిగించాలని మామ కాగితం మీద బొమ్మ గీస్తున్నాడు. అత్త సంగతి గ్రహించి, జరీ అంచు పంచెలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి భద్రంగా దాచమని అవ్వకి ఇచ్చింది.

అవ్వ ఎవరి పక్షమో అత్తకి ఇంకా తెలియదు.