సిరికొండ కుండను నేను

ఇంద్రవెల్లి దగ్గరి కేస్లాపూర్‌లో ఏటా పుష్య అమావాస్యకు నాగోబా జాతర. దేవుడు మెస్రం వంశపు గోండులవాడు. నేను మాత్రం సిరికొండలో ఓ కుమ్మరింట పుట్టాను.

సారె దిగేటప్పటికి నాకు అడుగే లేదు. కాస్త ఆరనిచ్చి, లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి మా కుమ్మరి నా అడుగు మూశాడు. ఆములో కాలి గట్టిపడ్డాను. మెస్రం పెద్దలు ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చి కుండలు చేయమని చెప్పిపోవడం తరతరాల ఆనవాయితీ.

గోదావరి నీళ్లు హస్తినమడుగు నుంచి ఇత్తడి ఝారీలో, కాలినడకన వస్తాయి. నా వంతు కేస్లాపూర్ కోనేటి నీళ్లు. మెస్రం ఆడపడుచులూ అల్లుళ్లూ నాతో నీళ్లు తెస్తారు. ఆ నీళ్లతో మట్టి పిసికి పుట్టలు కడతారు. గోండుల్లో ఒకే సగలో, అంటే ఒకే గోత్రాల గుంపులో, పెళ్లి పనికిరాదు కాబట్టి అల్లుడు ఎప్పుడూ వేరే సగవాడే. ఇక కిక్రీ అనే తీగవాద్యం వాయిస్తూ వంశకథ చెప్పేది ప్రధాన్ తెగవాళ్లు. గోండుల కుండ కుమ్మరి చేతిలో, గోండుల కథ ప్రధాన్ నోట్లో ఉన్నాయన్నమాట!

అందరూ ఎప్పుడూ ఇలా కలిసిమెలిసి ఉన్నారనను. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీంను నిజాం పోలీసులు కాల్చి చంపారు. గోండుల గోడు తెలుసుకోవడానికి ఆ నిజాం సర్కారే తర్వాత మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన చొరవతో ఈ జాతరలోనే దర్బారు మొదలైంది. అర్జీలు పట్టుకొని జనం, వినడానికి అధికారులు ఇప్పటికీ వస్తారు.

జాతరకొచ్చిన పంతులొకాయన పిల్లలకు చెబుతుంటే విన్నాను. చింపాంజీలకు పక్క గుంపు ఎదురైతే చాలాసార్లు కొట్లాటేనట. వాటి దగ్గరి చుట్టాలైన కాంగో అడవుల్లోని బొనొబోలు మాత్రం పరాయి గుంపువాటికీ తిండి పంచుతాయట, ఒళ్లు శుభ్రం చేస్తాయట. 2023లో అచ్చయిన పరిశోధన అది. పైగా, ఇవ్వడానికి ముందుకొచ్చే బొనొబోలే పరాయి వాటి నుంచీ పొందుతాయట. ఆ సంగతి నాకు కొత్తగా అనిపించలేదు. మా దగ్గరా అంతే, ఒకరితో ఒకరికి పనిపడుతుంది కనుకే పొత్తు నిలిచింది.

ఝారీ ఏళ్ల తరబడి ఉంటుంది. నేను ఒక్క జాతరకే. అందుకు నాకు చింత లేదు. ఇత్తడి బిందె ఒకసారి కొంటే మళ్లీ దుకాణం గడప తొక్కనక్కర్లేదు. మట్టికుండ కావాలంటే ఏటా సిరికొండకు బండి కట్టాల్సిందే.