తడి చెత్త, పొడి మాటలు

ఇంటి గడప దాటిన క్షణంలో పరువు పోగొట్టుకుని, టెండరు కాగితం ఎక్కిన క్షణంలో ‘వనరు’గా మళ్ళీ పుట్టే పదార్థాన్ని చెత్త అంటారు. ఈ రెండు క్షణాల నడుమ దాన్ని చేత్తో ముట్టుకునే మనిషికి ఏ పేరు పెట్టాలన్న విషయంలో మాత్రం పండితులకు ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 8న ప్రకటించిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఆమెకు నిర్వచనాల జాబితాలో ఒక చోటిచ్చి, ఇలాంటివారిని నగర వ్యవస్థలో కలుపుకోవాలని స్థానిక సంస్థలకు సూచించాయి. సదస్సులు ఆమెను ‘అనధికారిక రంగ భాగస్వామి’ అని గౌరవిస్తాయి. వీధి ‘చిత్తు కాగితాలు ఏరుకునే ఆమె’ అంటుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ‘ఏయ్’ అంటాడు. ఆమె తిరిగి చూసేది ఆ చివరి పిలుపుకే.

నగరపు చెత్తను వంటగ్యాసుగా మార్చే విద్యలో పెద్ద రహస్యమేమీ లేదు. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, కుళ్ళిన పళ్ళు వంటి తడి చెత్తను గాలి చొరబడని తొట్టిలో వేస్తే, ఆక్సిజన్ అక్కర్లేని సూక్ష్మజీవులు దాన్ని తిని వాయువును వదులుతాయి. సగానికి పైగా మీథేన్, మిగతాది ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ ఉండే ఈ మిశ్రమమే బయోగ్యాస్, దీన్ని తయారుచేసే ప్రక్రియకు బయోమిథనేషన్ అని పేరు. పల్లెల్లో దశాబ్దాలుగా నడిచిన గోబర్ గ్యాస్‌కు ఇది పట్నంలో చదువుకున్న తమ్ముడు. పేడ అప్పటికే పశువు కడుపులో ఒకసారి సారం పిండిన సరుకు కాబట్టి, పిండి పదార్థం నిండిన వంటింటి వ్యర్థమే సూక్ష్మజీవులకు మెరుగైన మేత అని గుర్తించి, పుణెలోని ‘ఆర్టి’ సంస్థలో ఆనంద్ కర్వే రూపొందించిన పెరటి ప్లాంటుకు 2006లో ఆష్‌డెన్ అవార్డు కూడా వచ్చింది. ఈ సూక్ష్మజీవికి కులం లేదు, అంటు లేదు, ఎవరింటి ఎంగిలైనా తింటుంది. దానికున్న ఏకైక పట్టింపు ప్లాస్టిక్ కవరు.

హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లోని బయోగ్యాస్ ప్లాంటు ఈ సిద్ధాంతానికి ముచ్చటైన ఉదాహరణ. తార్నాకలోని ఐఐసీటీ, అంటే భారత రసాయన సాంకేతిక సంస్థ, అందించిన పరిజ్ఞానంతో నడిచే ఈ ప్లాంటును 2021 జనవరిలో ప్రధాని తన రేడియో ప్రసంగంలో ప్రస్తావించగా, రోజుకు దాదాపు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల జీవ ఇంధనం వస్తున్నాయని, కరెంటు మార్కెట్ దీపాలకూ ఇంధనం క్యాంటీన్ వంటకూ వెళుతున్నాయని దేశానికి తెలిసింది. 14.2 కిలోల సిలిండర్ బరువుతో లెక్క వేస్తే, పది టన్నుల క్యాబేజీ ఆకులూ చితికిన టమాటాలూ దీపాలు వెలిగించగా మిగిల్చిన వంట ఇంధనం రెండు సిలిండర్ల పైచిలుకు. దీన్ని ఎగతాళి చేయనవసరం లేదు, ప్లాంటు నిజంగానే నడిచింది. నడవడానికి కారణం కూడా ఉంది: మార్కెట్‌లో టమాటా టమాటాగానే కుళ్ళుతుంది, దాని వెంట డైపరు రాదు.

ఇళ్ళ నుంచి వచ్చే చెత్త కథ వేరు. హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ 2015లో తడికి ఆకుపచ్చ, పొడికి నీలం చొప్పున 22 లక్షల ఇళ్ళకు 44 లక్షల డబ్బాల పంపిణీ తలపెట్టగా, చాలా ఇళ్ళలో ఒకదాంట్లో బియ్యం, ఇంకోదాంట్లో నీళ్ళు కాపురం పెట్టాయి. అంత మంచి డబ్బాలో చెత్త వేయడమేమిటన్న గృహిణుల తీర్పును తప్పు పట్టడం కష్టం. చెత్త యథాప్రకారం కిరాణా కవర్లోకే వెళ్ళింది. ఆ కవరు మెడకు మూడు ముళ్ళు ఉంటాయి (పెళ్ళిలోనూ అన్నే, అయితే ఇవి ఎవరో ఒకరు విప్పక తప్పనివి). లోపల మొన్నటి సాంబారు, టీ పిప్పి, పాపాయి డైపరు, పాత బ్లేడు, పగిలిన గ్లాసు, అయిపోయిన రిమోట్ సెల్లు ఒకే రసంలో నానుతుంటాయి. ఇంటింటా చెత్త సేకరించే స్వచ్ఛ ఆటో వెనక నిలబడిన మనిషి బండి కదులుతుండగానే ముడిని గోళ్ళతో లాగి చూసి, రాకపోతే వేలు పొడిచి కవరును చీల్చి, గాజు ముక్క ఎక్కడుందో తెలియని చీకట్లో చెయ్యి పెట్టి, డైపరును ఒక బస్తాలోకి విసిరి, తోటకూర కాడలను అరచేత్తో ఊడ్చి మరో పక్కకు వేయాలి. ఇది ఒక ఇల్లు. ప్రాజెక్టు నివేదికల భాషలో ఈ మొత్తం క్రియకు ‘వేరుచేసిన తడి చెత్త లభ్యత’ అని పేరు, దానికి ఎదురుగా ఖర్చు గడి ఖాళీ.

ఇక్కడ ఆర్థికశాస్త్రం కొంత చిలిపిగా ప్రవర్తిస్తుంది. ఏరుకునేవారి సంపాదన పొడి సరుకు మీదే: అట్టలు, సీసాలు, ఇనుప ముక్కలు గుజిరీ దుకాణంలో కాటా ఎక్కి సాయంత్రానికి బియ్యమవుతాయి. తడి చెత్తను కాటా వేసే గుజిరీ మాత్రం ఎక్కడా లేదు, కాబట్టి బయోగ్యాస్ తొట్టికి శుద్ధమైన మేత సిద్ధం చేయడం ఆమెకు కూలి లేని అదనపు చాకిరీ. ఆర్‌డీఎఫ్ అనే రెండో మార్గం కూడా ఉంది. చెత్తలోని కాగితం, గుడ్డ, ప్లాస్టిక్ వంటి మండే భాగాన్ని వేరుచేసి, ఆరబెట్టి, ముక్కలుగానో దిమ్మలుగానో చేసి సిమెంటు బట్టీలకూ విద్యుత్ కేంద్రాలకూ పంపే ఇంధనమది. కిలోకు 1,500 కిలో కేలరీలు, ఆపైన ఉష్ణ విలువ ఉండి, పునర్వినియోగానికి పనికిరాని చెత్తను పూడ్చకుండా ఇంధనంగానే వాడాలని 2016 నియమాలు చెప్పాయి. ‘పునర్వినియోగానికి పనికిరాని’ అన్న విశేషణం కాగితం మీద ఎంత స్పష్టంగా ఉన్నా కొలిమికి చెవులుండవు, పైగా అట్టముక్క చక్కగా మండుతుంది. ఒక పథకం ఆమెకు కూలి రాని పని అప్పజెబుతుంది, రెండోది కూలి తెచ్చే సరుకును తగలబెడుతుంది. రెంటికీ పెట్టిన ముద్దుపేరు ‘చెత్త నుంచి సంపద’.

ఆమె చేతులను లెక్కలో కలపని యంత్రానికి ఏమవుతుందో ఢిల్లీలోని తిమార్‌పూర్ 1987లోనే చూపింది. రోజుకు 300 టన్నుల చెత్తను మండించి కరెంటు తీయడానికి డెన్మార్క్ పరిజ్ఞానంతో కట్టిన ఆ ప్లాంటు మూడు వారాలు పనిచేసి చల్లబడింది, ఎందుకంటే వచ్చిన చెత్తలో మండే గుణం కావలసినదానిలో సగానికి అటూ ఇటూగా ఉంది. యూరప్ చెత్తబండిలో కాగితమూ ప్యాకింగూ పుష్కలం. ఇక్కడ అమ్ముడుపోయేదంతా బండి ఎక్కకముందే బస్తాల్లోకీ కబాడీ దుకాణాలకీ వెళ్ళిపోయి, కొలిమికి మట్టీ తొక్కలూ మిగులుతాయి. ఆ తర్వాత లక్ష్యాలు మాత్రం పెరిగాయి. 2018 అక్టోబరులో మొదలైన ‘సతత్’ పథకం 2023 నాటికి దేశంలో 5,000 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లు వస్తాయని చెప్పగా, ఆ ఏడాది ముగిసేసరికి నూరు కూడా పూర్తి కాలేదు. సతతం అంటే ఎల్లప్పుడూ అని అర్థం కాబట్టి, గడువు గురించి అడగడం వ్యాకరణ దోషమవుతుంది.

దారి తెలియదనడానికి వీల్లేదు. పుణెలో 1993లో సంఘం పెట్టుకున్న చెత్త ఏరుకునేవారు, 2008 నుంచి ‘స్వచ్ఛ్’ అనే సొంత సహకార సంఘం పేరిట నగరపాలక సంస్థతో ఒప్పందం మీద ఇంటింటా చెత్త సేకరిస్తున్నారు. ఇంటి రుసుమూ, పొడి సరుకును అమ్ముకునే హక్కూ వారివే కాబట్టి తడిని విడిగా అప్పగించడం అక్కడ కూలి ఉన్న పని. అక్కడికి అధ్యయన యాత్రలు వెళ్ళినంత సులువుగా అక్కడి పద్ధతి బయటి ఊళ్ళకు రాలేదు.

నిజానికి నగర చెత్త నుంచి వంట ఇంధనం తీసే పరిజ్ఞానాన్ని ఈ కార్మికులు ఏ ప్రయోగశాల సాయమూ లేకుండా ఎప్పుడో సాధించారు. గుడిసె ముందు మూడు రాళ్ళు, వాటి కింద పళ్ళ పెట్టెల చెక్కలు, రోడ్డు పక్క ఎండబెట్టిన కొబ్బరిబోండాం డొప్పలు, రాజుకోవడానికి ఒక కవరో తెగిపోయిన చెప్పు ముక్కో. నల్లటి పొగ గిన్నె అడుగునూ వండే మనిషి కళ్ళనూ ఒకేలా చూస్తుంది. తడి, పొడి వేరు చేయమని రంగుల్లో అచ్చువేసిన కరపత్రం కూడా అప్పుడప్పుడూ ఆ పొయ్యిలోకే చేరుతుంది. నున్నటి పూత ఉన్న కాగితం కావడంతో అది త్వరగా అంటుకోదు, రెండు మూడు అగ్గిపుల్లలు ఎక్కువ ఖర్చవుతాయి.